నెలకు పదకొండున్నర పౌండ్లు.. ఒక మహా జీవితానికి పునాది
విద్యార్థి వేతనం నుంచి రాజ్యాంగ రచన దాకా డాక్టర్ అంబేద్కర్ ప్రస్థానం

ప్రతి ఏటా ఏప్రిల్ 14న జిల్లాలోని కూడళ్లన్నీ డాక్టర్ భీమ్‌రావ్ రాంజీ అంబేద్కర్ విగ్రహాలకు వేసిన పూలమాలలతో కళకళలాడతాయి. రాజ్యాంగ నిర్మాతగా, దళిత జనోద్ధారకుడిగా ఆయన్ను స్మరించుకోని ఊరు లేదు. అయితే ఆ మహనీయుడు మొదట ఒక పేద పరిశోధక విద్యార్థి. నెలనెలా చేతికందే ఉపకార వేతనంపై ఆధారపడి ఖండాంతరాల్లో విద్యనభ్యసించి, దేశ దారిద్య్రానికి మూలాలను వెదికిన ఆర్థిక శాస్త్రవేత్త. ఆ వేతనం అందిన రోజుల్లో ఆయన సాధించినది ఎంతటిదో, అది ఆగిపోయిన నాడు ఆయన కోల్పోయినది ఎంతటిదో తెలుసుకుంటే, పేదింటి పరిశోధకుడికి ప్రభుత్వం ఇచ్చే ఫెలోషిప్ విలువ ఏమిటో బోధపడుతుంది.

గది వెలుపల గోనెపట్ట

అంబేద్కర్ 1891 ఏప్రిల్ 14న నేటి మధ్యప్రదేశ్‌లోని మౌ సైనిక కంటోన్మెంటులో జన్మించారు. తల్లిదండ్రులు భీమాబాయి, రాంజీ సక్పాల్. ఆ దంపతులకు ఆయన పద్నాలుగో సంతానం. వీరి పూర్వీకులది కొంకణ ప్రాంతంలోని అంబడవే గ్రామం. తండ్రి సైన్యంలో సుబేదారు హోదా పొంది, సైనిక పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. అందువల్ల ఆ ఇంట చదువుకు లోటు లేకపోయింది. కానీ అంటరానిదిగా పరిగణించిన మహార్ కులంలో పుట్టిన కారణంగా బడిలో మాత్రం ఆ బాలుడు తోటివారికి దూరంగా, ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టపై కూర్చోవలసి వచ్చేది. దాహం వేస్తే కుళాయిని స్వయంగా తాకరాదు. బంట్రోతు వచ్చి నీళ్లు పోస్తేనే దాహం తీరేది. బంట్రోతు రాని రోజున దప్పికతోనే ఇల్లు చేరవలసి వచ్చేది.

కుటుంబం సతారా నుంచి బొంబాయికి తరలిన తరువాత ఆయన ఎల్ఫిన్‌స్టన్ ఉన్నత పాఠశాలలో చేరి 1907లో మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. ఆ కులంలో ఒక కుర్రవాడు మెట్రిక్ గట్టెక్కడం నాడు అపురూపం. అందుకే అభినందన సభ జరిగింది. ఆ సభకు వచ్చిన ఉపాధ్యాయుడు, రచయిత కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ తాను రాసిన బుద్ధ చరిత్రను ఆ విద్యార్థికి కానుకగా ఇచ్చారు. అంబేద్కర్ జీవితాన్ని మలుపు తిప్పిన మరో ఘట్టానికి కూడా ఆ కేలూస్కరే కారకులయ్యారు.

ఇరవై అయిదు రూపాయల ఆసరా

ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో ఇంటర్మీడియెట్ పూర్తయ్యేసరికి రాంజీ సక్పాల్ ఆర్థికంగా చితికిపోయారు. కుమారుడి చదువు ఆగిపోయే స్థితి ఏర్పడింది. అప్పటికి బరోడా సంస్థానాధీశుడు మూడవ శాయాజీరావు గైక్వాడ్ విద్యాభిమానిగా దేశమంతటా పేరు గడించి ఉన్నారు. తన సంస్థానంలో ప్రాథమిక విద్యను నిర్బంధం చేసిన ప్రభువు ఆయన. అర్హుడైన అంటరాని విద్యార్థికి ఉన్నత విద్యలో తోడ్పడతానని బొంబాయి సభలో ఆయన ప్రకటించి ఉండటం కేలూస్కర్‌కు గుర్తుకొచ్చింది. వెంటనే భీమ్‌రావ్‌ను మహారాజు వద్దకు తీసుకువెళ్లారు. కొన్ని ప్రశ్నలు అడిగి, సమాధానాలతో తృప్తి చెందిన మహారాజు నెలకు 25 రూపాయల విద్యార్థి వేతనం మంజూరు చేశారు.

ఆ పాతిక రూపాయలతోనే కళాశాల చదువు సాగింది. ఆచార్య ముల్లర్ తన పుస్తకాలు ఇచ్చి, దుస్తులు సమకూర్చి ఆదరించారు. అదే కళాశాల ఆవరణలో ఫలహారశాల నడిపే వ్యక్తి మాత్రం ఆయనకు టీ కాదు కదా, మంచినీళ్లు సైతం ఇచ్చేవాడు కాదు. ఆదరణను, అవమానాన్ని ఒకే చోట చవిచూస్తూ అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రం ప్రధానాంశాలుగా ఆయన బీఏ పట్టా పుచ్చుకున్నారు.

1913 జనవరిలో బరోడా సంస్థాన కొలువులో చేరారు. కొన్ని రోజులకే తండ్రికి జబ్బు చేసిందన్న తంతి అందింది. పరుగున బొంబాయి చేరారు. ఫిబ్రవరి 2న రాంజీ కన్నుమూశారు. కుమారుడి చదువు కోసం అప్పులు చేసిన తండ్రి, ఆ చదువు ఫలించే వేళకు లేకుండాపోయారు.

సముద్రాలు దాటించిన ఒప్పందం

అదే సంవత్సరం బరోడా సంస్థానం కొందరు విద్యార్థులను ఉన్నత విద్యకు అమెరికా పంపాలని నిర్ణయించింది. అంబేద్కర్ దరఖాస్తు చేసుకోగా నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్లపాటు వేతనం మంజూరైంది. 1913 జూన్ 4న ఆయన ఒప్పంద పత్రంపై సంతకం చేశారు. చదువు ముగిశాక పదేళ్లపాటు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేయాలన్నది అందులోని షరతు. జులైలో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రవేశం పొందారు. అప్పటికి ఆయన వయస్సు 22 ఏళ్లు.

కొలంబియా ఆయనకు కొత్త లోకం చూపింది. అక్కడ గోనెపట్ట లేదు. వేరే కుండ లేదు. తోటి విద్యార్థులతో ఒకే బల్ల దగ్గర భోజనం, ఒకే గ్రంథాలయంలో పఠనం. వసతి గృహంలో పరిచయమైన పార్శీ విద్యార్థి నావల్ భతేనా జీవితాంతం మిత్రుడిగా నిలిచారు. ఆర్థిక శాస్త్రంలో ఎడ్విన్ సెలిగ్‌మన్, తత్వశాస్త్రంలో జాన్ డ్యూయీ వంటి ఆచార్యుల వద్ద ఆయన శిష్యరికం చేశారు. సమాజశాస్త్రం, చరిత్ర, మానవశాస్త్రం తరగతులకూ హాజరయ్యారు. పేదరికం కేవలం డబ్బుకు సంబంధించిన సమస్య కాదనీ, దాని వేళ్లు చరిత్రలోనూ, సంఘ నిర్మాణంలోనూ ఉన్నాయనీ గ్రహించడానికి ఈ విస్తృత అధ్యయనమే దోహదం చేసింది.

వేతనంలో కొంత ఇంటికి పంపేవారు. మిగిలిన దానితో పొదుపుగా గడిపేవారు. కడుపు మాడ్చుకుని కూడబెట్టిన సొమ్ముతో పాత పుస్తకాల దుకాణాలు తిరిగి సుమారు రెండు వేల గ్రంథాలు కొన్నారని జీవిత చరిత్రకారులు రాశారు. నాడు న్యూయార్క్‌లో ఉన్న లాలా లజపతిరాయ్ జాతీయోద్యమ కార్యక్రమాల్లోకి ఆహ్వానించినా, చదువు పూర్తయ్యేదాకా మరో వ్యాపకం పెట్టుకోనని ఆయన సున్నితంగా తప్పుకొన్నారు. అందిన అవకాశానికి గడువు ఉందని, ఒక్క రోజు వృథా అయినా తిరిగి రాదని ఆయనకు తెలుసు.

ఫలితం కనిపించింది. 1915లో ఎంఏ పూర్తయింది. ఈస్టిండియా కంపెనీ పరిపాలన, ఆర్థిక వ్యవహారాలపై ఆ ఏడాదే ఒక సిద్ధాంత వ్యాసం రాశారు. భారతదేశంలో కులాల పుట్టుక, వ్యాప్తిపై 1916 మే 9న మానవశాస్త్ర గోష్ఠిలో పత్రం సమర్పించారు. వర్ణాంతర వివాహాల నిషేధమే కుల వ్యవస్థకు ఆయువుపట్టని 25 ఏళ్ల విద్యార్థి ఆ పత్రంలో సూత్రీకరించారు. భారత జాతీయాదాయంపై చారిత్రక విశ్లేషణతో సిద్ధాంత గ్రంథాన్ని కూడా సిద్ధం చేశారు.

ఆగిన వేతనం.. ఆగిన చదువు

మూడేళ్ల గడువు ముగిసింది. మరో ఏడాది పొడిగింపు లభించగా 1916 అక్టోబరులో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనమిక్స్‌లో చేరారు. న్యాయవాద విద్య కోసం గ్రేస్ ఇన్‌లో నమోదయ్యారు. అర్థశాస్త్రంలో డీఎస్సీ, బారిష్టరు పట్టా రెండూ సాధించి తిరిగి రావాలన్నది ఆయన సంకల్పం. కానీ 1917 జూన్ నాటికి వేతనం గడువు తీరింది. బరోడా తిరిగి రమ్మంది. చదువు మధ్యలో విడిచి రావడం తప్ప గత్యంతరం లేకపోయింది. నాలుగేళ్లలోగా తిరిగి వచ్చి చదువు కొనసాగించేందుకు లండన్ విశ్వవిద్యాలయం అనుమతి ఇవ్వడం ఒక్కటే ఆయనకు మిగిలిన ఊరట.

అది మొదటి ప్రపంచ యుద్ధ కాలం. సముద్రంలో జలాంతర్గాముల దాడులు జరుగుతున్నాయి. ఆయన క్షేమంగానే బొంబాయి చేరారు గానీ, వేరే ఓడలో పంపిన సామాను, పుస్తకాలు సముద్రం పాలయ్యాయి. పస్తులుండి కొన్న గ్రంథాలు నీటిలో కలిసిపోయాయి. నష్టపరిహారంగా అందిన కొద్ది మొత్తమే కుటుంబ పోషణకు, బరోడా ప్రయాణానికి అక్కరకొచ్చింది.

పట్టా ఉన్నా దొరకని గది

1917 సెప్టెంబరులో ఒప్పందం ప్రకారం కొలువు చేసేందుకు బరోడా చేరారు. రెండు ఖండాల విశ్వవిద్యాలయాల్లో చదివి వచ్చిన ఆ యువకుడికి ఆ నగరంలో తలదాచుకునేందుకు గది దొరకలేదు. హిందూ హోటళ్లలో చోటు లేదు. చివరికి ఒక పార్శీ సత్రంలో, నిర్వాహకుడు సూచించినట్లు పార్శీ పేరుతో పుస్తకంలో సంతకం చేసి, రోజుకు రూపాయిన్నర చెల్లించే ఏర్పాటుపై దిగారు. పైఅంతస్తులో దీపం కూడా సరిగా లేని గదిలో ఒంటరిగా రాత్రులు గడిపారు. కచేరీలోనూ పరిస్థితి అంతే. కింది ఉద్యోగులు సైతం మైల పడతామని కాగితాల కట్టలను దూరం నుంచి ఆయన బల్లపైకి విసిరేవారు.

పదకొండో రోజు ఉదయం ఆఫీసుకు బయల్దేరుతుండగా కర్రలు పట్టుకున్న పదిపన్నెండు మంది గదిని చుట్టుముట్టారు. తమ సత్రాన్ని అపవిత్రం చేశావంటూ దూషించి, సాయంత్రంలోగా ఖాళీ చేయకపోతే ఊరుకోమని హెచ్చరించారు. ఇద్దరు మిత్రులను ఆశ్రయం కోరారు. ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏదో సాకుతో తప్పించుకున్నారు. రాత్రి బొంబాయి రైలు వచ్చేవరకు ఆయన కామాఠీ బాగ్ ఉద్యానవనంలో కూర్చుండిపోయారు. సంస్థానాధీశుడి ఔదార్యం ఆయనను న్యూయార్క్ పంపగలిగింది గానీ, అదే సంస్థానంలో నిద్రించడానికి ఓ గది ఇప్పించలేకపోయింది. ఈ అనుభవాన్ని ఆయన తరువాతి కాలంలో తన స్వీయ జ్ఞాపకాల్లో నమోదు చేశారు.

వేతనం పట్టా ఇప్పించగలదు. కానీ పట్టా పొందిన మనిషిని మనిషిగా స్వీకరించే సంఘం లేకపోతే ఆ చదువు సగంలోనే నిలిచిపోతుంది. బరోడాలో నేర్చిన ఈ పాఠం ఆయన జీవితాంతం వెన్నాడింది.

చిన్న కమతాలపై పెద్ద ప్రశ్న

బొంబాయి తిరిగి వచ్చాక ప్రైవేటు పాఠాలు చెబుతూ కుటుంబాన్ని పోషించారు. ఆ కష్టకాలంలోనే, 1918లో, దేశంలోని చిన్న కమతాల సమస్యపై పరిశోధన వ్యాసం వెలువరించారు. భూమి ముక్కలు చెక్కలవడమే రైతు పేదరికానికి కారణమని, కమతాలను ఏకం చేస్తే చాలునని నాడు పలువురు వాదించేవారు. అంబేద్కర్ అందుకు భిన్నంగా ఆలోచించారు. కమతం చిన్నదా, పెద్దదా అన్నది విస్తీర్ణంతో తేలేది కాదని, దానిపై పెట్టే శ్రమ, పెట్టుబడి, పనిముట్లతో తేలుతుందని విశ్లేషించారు. వేరే ఉపాధి లేక జనమంతా భూమి మీదే ఆధారపడటం అసలు జబ్బు అన్నారు. పని లేని చేతులు పొలంపై భారమవుతున్నాయని, పరిశ్రమలు పెరిగి ఆ చేతులకు పని దొరికితేనే వ్యవసాయమూ బాగుపడుతుందని సూచించారు. గోదావరి డెల్టా అయినా, పాలమూరు మెట్ట అయినా ఎకరం, అరెకరంతో బతుకీడ్చే కుటుంబాలకు వందేళ్లు దాటినా ఆ ప్రశ్న పాతబడలేదు.

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో అర్థశాస్త్ర ఆచార్యుడిగా నియమితులయ్యారు. నెల జీతం 450 రూపాయలు. విద్యార్థులు ఆయన పాఠాలను శ్రద్ధగా ఆలకించేవారు. సహాధ్యాపకుల్లో కొందరు మాత్రం ఉపాధ్యాయుల గదిలోని మంచినీటి కుండను ఆయన ముట్టరాదని అభ్యంతరం తెలిపారు. అంత జీతం వస్తున్నా పరేల్ ప్రాంతంలోని కార్మికుల చాల్‌లోనే, రెండు గదుల్లో కుటుంబంతో కాపురమున్నారు. ఎందుకంటే లండన్‌లో ఆగిపోయిన చదువును సొంత సొమ్ముతోనైనా పూర్తిచేయాలన్నది ఆయన పట్టుదల. ఆ పొదుపు భారమంతా భార్య రమాబాయి మోశారు. పుట్టిన అయిదుగురు బిడ్డల్లో నలుగురిని పోగొట్టుకున్న ఆ ఇల్లాలు, యశ్వంత్ ఒక్కడినే దక్కించుకోగలిగారు. అంబేద్కర్ సాధించిన పట్టాల వెనుక ఆమె త్యాగం ఉంది.

అప్పు చేసి పూర్తిచేసిన చదువు

కొల్హాపూర్ సంస్థానాధీశుడు ఛత్రపతి శాహూ మహారాజ్ 1902లోనే తన సంస్థానంలో వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాల్లో సగం కేటాయించిన సంస్కర్త. ఆయన తోడ్పాటుతో అంబేద్కర్ 1920 జనవరిలో మూక్‌నాయక్ పత్రికను ప్రారంభించారు. అదే ఏడాది ఆచార్య పదవికి రాజీనామా చేసి, తన పొదుపు సొమ్ము, శాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భతేనా అప్పుగా ఇచ్చిన 5 వేల రూపాయలతో తిరిగి లండన్ పయనమయ్యారు.

కొలంబియా రోజులతో పోలిస్తే లండన్ జీవితం మరింత కఠినం. నెలనెలా ఠంచనుగా వచ్చే వేతనం ఇప్పుడు లేదు. ఉన్న సొమ్ము అయిపోకముందే చదువు ముగించాలి. ఉదయం గ్రంథాలయం తలుపులు తెరిచే వేళకు వెళ్లి, మూసే వేళకు బయటపడేవారు. మధ్యాహ్న భోజనానికి డబ్బు, సమయం రెండూ ఆదా చేసేవారు. రాత్రి చదువుతుండగా ఆకలైతే మిత్రుడు ఇచ్చిన అప్పడాలే ఆధారం. లండన్‌లో ఆయన నివసించిన కింగ్ హెన్రీస్ రోడ్డులోని ఇంటిని మహారాష్ట్ర ప్రభుత్వం 2015లో కొనుగోలు చేసి స్మారకంగా మార్చింది.

1921లో ఎంఎస్సీ పూర్తయింది. 1922లో రూపాయి సమస్యపై డీఎస్సీ సిద్ధాంత గ్రంథం సమర్పించారు. బ్రిటిష్ ప్రభుత్వ ద్రవ్య విధానాన్ని అది నిశితంగా విమర్శించింది. పరీక్షకులు దాన్ని తిరగరాయమన్నారు. అప్పటికి చేతిలో సొమ్ము అడుగంటింది. 1923 ఏప్రిల్‌లో బొంబాయి తిరిగి వచ్చి, ఇక్కడి నుంచే సవరించిన ప్రతిని పంపారు. ముగింపు నిర్ణయాలను మాత్రం మార్చలేదు. ఆ ఏడాది చివరలో డీఎస్సీ పట్టా లభించింది. గ్రంథమూ అచ్చయింది.

రూపాయి విలువ పడిపోతే ఎగుమతిదారులకు లాభమన్నది నాటి వ్యాపార వర్గాల వాదన. ఆ లాభం ఎవరి జేబులో నుంచి వస్తున్నదని అంబేద్కర్ ప్రశ్నించారు. ధరలు పెరిగినంత వేగంగా కూలి పెరగదు కాబట్టి, ఆ లాభం కూలివాడి నష్టమేనని లెక్కకట్టి చూపారు. మారకపు రేటు కన్నా దేశంలో రూపాయి కొనుగోలు శక్తి నిలకడగా ఉండటం పేదలకు ముఖ్యమన్నారు. భారత కరెన్సీ వ్యవస్థను పరిశీలించేందుకు వచ్చిన హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుట ఆయన సాక్ష్యమిచ్చారు.

ఇక కొలంబియా డాక్టరేట్ సంగతి. సిద్ధాంత గ్రంథాన్ని అచ్చు వేయించి ప్రతులు అందజేస్తే తప్ప పట్టా ఇవ్వకపోవడం నాటి ఆ విశ్వవిద్యాలయం నిబంధన. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ పరిణామంపై ఆయన గ్రంథం 1925లో ప్రచురితమైంది. గురువు సెలిగ్‌మన్ దానికి ముందుమాట రాశారు. ఆ పుస్తకాన్ని అంబేద్కర్ శాయాజీరావు గైక్వాడ్‌కు అంకితమిచ్చారు. 1927లో పీహెచ్‌డీ పట్టా చేతికందింది. 22 ఏళ్ల వయస్సులో కొలంబియా మెట్లెక్కిన విద్యార్థికి ఆ పట్టా వచ్చేసరికి 36 ఏళ్లు నిండాయి.

దయ నుంచి హక్కుగా

ఒక ప్రభువు ఆదరించకపోయి ఉంటే, ఒక ఉపాధ్యాయుడు చేయి పట్టి తీసుకువెళ్లకపోయి ఉంటే తన చదువు ఇంటర్మీడియెట్‌తోనే ముగిసేదని అంబేద్కర్‌కు తెలియనిది కాదు. అదృష్టం తలుపు తట్టిన ఒక్కరికే కాక, అర్హత ఉన్న ప్రతి పేద విద్యార్థికీ ఆ ఆసరా ప్రభుత్వ ఖజానా నుంచి అందాలని ఆయన తలపోశారు. 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ ద్వారా మరుసటి ఏడాది సోలాపూర్‌లో విద్యార్థి వసతి గృహం తెరిచారు. బరోడాలో గది దొరకని అనుభవం ఉన్న మనిషి మొట్టమొదట వసతి గృహంపై దృష్టి పెట్టడం యాదృచ్ఛికం కాదు.

1942 జులైలో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా బాధ్యతలు స్వీకరించారు. కొన్ని నెలలకే, అక్టోబరు 29న, షెడ్యూల్డ్ కులాల సమస్యలపై సమగ్ర వినతి పత్రాన్ని వైస్రాయి లిన్‌లిత్‌గోకు అందజేశారు. దేశంలో శాస్త్ర, సాంకేతిక విద్య అభ్యసించే షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల వేతనాలకు ఏటా 2 లక్షల రూపాయలు, విదేశీ విద్యకు మరో లక్ష రూపాయలు కేటాయించాలని అందులో కోరారు. ఖర్చుతో కూడిన ఉన్నత విద్యకు ప్రభుత్వ చేయూత లేనిదే ఆ వర్గాలు పైకి రావని వాదించారు. ప్రభుత్వం ఏటా 3 లక్షల రూపాయలు మంజూరు చేసింది. 1944లో మెట్రిక్ అనంతర ఉపకార వేతనాల పథకం మొదలైంది. నేడు తెలుగు రాష్ట్రాల్లో లక్షలాది కుటుంబాలకు సుపరిచితమైన పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పులకు మూలం అదే.

అంతటితో ఆగలేదు. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించి, 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాద్‌లో మరో కళాశాల నెలకొల్పారు. తరువాత మిలింద మహావిద్యాలయంగా పేరొందిన ఆ రెండవ కళాశాల ఉన్న ఔరంగాబాద్ అప్పటికి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమే. రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షత వహించిన వేళ, బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాలు, తెగల విద్యా, ఆర్థిక ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించే బాధ్యతను 46వ అధికరణం ప్రభుత్వంపై ఉంచింది. మూడున్నర దశాబ్దాల కిందట మహారాజు దయగా అందినది రాజ్యాంగంలో ప్రభుత్వ ధర్మంగా స్థిరపడింది.

కొలంబియా విశ్వవిద్యాలయం 1952 జూన్‌లో గౌరవ డాక్టరేట్‌తో ఆయనను సత్కరించింది. 1953 జనవరి 12న హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డీలిట్ ప్రదానం చేసింది. స్వదేశీ విశ్వవిద్యాలయం ఆయనకు ఇచ్చిన ఆ గౌరవం తెలుగు నేలకు గర్వకారణం. 1956 డిసెంబరు 6న ఢిల్లీలో ఆయన పరమపదించారు.

ఆ బాటలో నేటి పరిశోధకులు

షెడ్యూల్డ్ కులాలు, తెగలు తదితర వర్గాల విద్యార్థులను విదేశాలకు పంపే జాతీయ విదేశీ విద్య ఉపకార వేతనాలు 1954-55లో ప్రారంభమయ్యాయి. దేశంలోనే ఎంఫిల్, పీహెచ్‌డీ చేసే షెడ్యూల్డ్ కులాల పరిశోధకులకు 2005-06 నుంచి జాతీయ ఫెలోషిప్ అమలులోకి వచ్చింది. అంబేద్కర్ విదేశీ విద్యానిధి పేరిట తెలుగు రాష్ట్రాలూ పథకాలు చేపట్టాయి. హైదరాబాద్‌లోని సార్వత్రిక విశ్వవిద్యాలయం ఆయన పేరుతో, ఉద్యోగాలు చేసుకుంటూ చదివేవారికి విద్యనందిస్తోంది.

పేదరికంపై, సాంఘిక విధానాలపై పరిశోధన చేయాలనుకునే యువకుడికి ఫెలోషిప్ అంటే కేవలం రుసుముల చెల్లింపు కాదు. అద్దె కట్టడానికి, పూట గడవడానికి, ఊళ్లు తిరిగి వివరాలు సేకరించడానికి, ఇంటికి కొంత పంపడానికి కావలసిన ఆధారం. అన్నిటికీ మించి అది కాలాన్ని ఇస్తుంది. కూలికి వెళ్లవలసిన అవసరం లేకుండా నాలుగేళ్లు కూర్చుని ఆలోచించే వెసులుబాటును ఇస్తుంది. 1913 నుంచి 1917 వరకు అంబేద్కర్‌కు దక్కినది ఆ కాలమే. 1917లో అది తెగిపోయినప్పుడు లండన్ చదువు మూడేళ్లు వెనక్కిపోయింది. ఒక సిద్ధాంత గ్రంథం, ఒక బారిష్టరు పట్టా, ఒక కుటుంబం నిశ్చింత దానితో పాటు వాయిదా పడ్డాయి. ఆయన పట్టుదల అసాధారణం కాబట్టి తిరిగి లండన్ చేరగలిగారు. భతేనా వంటి మిత్రుడు అందరికీ ఉండరు. వేతనం మంజూరు చేయడం ఎంత ముఖ్యమో, చదువు ముగిసేవరకు సకాలంలో అందించడమూ అంతే ముఖ్యమని ఆ మూడేళ్లు చెబుతున్నాయి.

హైదరాబాద్‌లో 2023 ఏప్రిల్ 14న, విజయవాడలో 2024 జనవరి 19న 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలను ఆవిష్కరించారు. ఊరూరా ఉన్న విగ్రహాల్లో ఆయన చేతిలో రాజ్యాంగ గ్రంథం కనిపిస్తుంది. ఆ గ్రంథానికి ముందు ఆయన రాసినవి చిన్న కమతాలు, రాష్ట్రాల ఆదాయ వ్యయాలు, రూపాయి విలువపై పరిశోధనలు. వాటికి ఊపిరి పోసినవి నెలకు ఇరవై అయిదు రూపాయలు, ఆ తరువాత పదకొండున్నర పౌండ్లు. జయంతి నాడు విగ్రహానికి పూలమాల వేసే చేతులు, తమ ఊళ్లో చదువు ఆపేయబోతున్న ఒక్క విద్యార్థిని కేలూస్కర్ మాదిరిగా సరైన గుమ్మానికి చేర్చగలిగితే ఆ మహనీయుడికి అదే నిజమైన నివాళి.